మిషను ఆగేదాకా

“ఈ పిల్లను నాలుగింటి బస్సుకు నాతో పంపించెయ్యండి. నెల తిరిగేసరికి మాటా వస్తుంది, బుద్ధీ వస్తుంది,” అంది ఆడపడుచు, తల్లి వీపు వెనక దిండు సర్దుతూ.

ఆ మాట ఫలానా వాళ్ళతో అని కాదు, గోడతో అన్నట్టే అంది. కానీ గదిలో ఉన్న నలుగురికీ తగలాల్సిన చోటే తగిలింది. తుంటి ఎముక విరిగి, లోపల కడ్డీ వేయించుకుని, పదకొండు రోజుల తర్వాత ఆ పొద్దున్నే ఆస్పత్రి నుంచి ఇల్లు చేరిన అత్తగారు కళ్ళు మూసుకుని పడుకుంది. ఆమె కొడుకు, బస్సు కండక్టరు, తల్లి మందుల చీటీని దొంగ టికెట్టు చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. కోడలు గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఆ కోడలి కొంగు పట్టుకుని, వెనక నక్కి, ఎనిమిదేళ్ళ పిల్ల.

ఆ పిల్లను వీధి వీధంతా పిచ్చుక అనేవారు. పొద్దున కళ్ళు తెరిచింది మొదలు మళ్ళీ మూసేదాకా దాని నోటికి మూత ఉండేది కాదు. దారిన పోయే కుక్కను ఆపి ‘ఏం తిన్నావ్, ఎక్కడ పడుకున్నావ్’ అని కుశలం అడిగే రకం. అలాంటి పిచ్చుక ఈ పదకొండు రోజులుగా ఒక్క మాట మాట్లాడలేదు. ఆకలేస్తే కంచం తెచ్చి ముందు పెడుతుంది. పిలిస్తే వస్తుంది, చెబితే చేస్తుంది. అంతే... ఊఁ అనదు, ఆఁ అనదు.

“నెత్తిన పెట్టుకుని పెంచిన నాన్నమ్మ కళ్ళ ముందు పడి, గంటసేపు నేలమీద విలవిల్లాడుతుంటే గుడ్లప్పగించి చూస్తూ కూర్చుందట. తల్లి ఎక్కడో లేదు, నాలుగడుగుల అవతల గదిలో ఉంది. ఒక్క కేక వేస్తే చాలు. అప్పుడు నోరు లేవలేదు. ఇప్పుడు మాట రానట్టు ఈ నాటకం. దీన్ని పొగరనక ఇంకేమంటార్రా?” అంది ఆడపడుచు.

“చిన్నపిల్ల కదక్కా. జడుసుకుందేమో,” అన్నాడు కండక్టరు. బస్సులో ‘ముందుకు జరగండి’ అని అరిస్తే ఆఖరి సీటు దాకా వినపడే గొంతు, ఇంట్లో అక్క ముందు పిల్లిగొంతే.

“జడుసుకున్న పిల్ల ఏడుస్తుంది, పరిగెత్తుతుంది. హాస్టల్లో నూట ఇరవై మందికి వండి పెడుతున్నాను. ఏది జడుపో, ఏది మొండితనమో వాసన చూసి చెప్తాను నేను.”

కాదనేవాళ్ళెవరు? కూరలో ఉప్పు తక్కువైందన్న వార్డెను చేతిలో ఉప్పు డబ్బా పెట్టి పంపిన మనిషి ఆవిడ.

కండక్టరు భార్య వంక చూశాడు. “ఏమంటావు? కొన్నాళ్ళు అక్క దగ్గర ఉంటే నీకూ తెరిపిగా ఉంటుంది. అమ్మను చూసుకోవాలి కదా...”

ఆమె నోరు తెరిచింది. చెప్పాల్సింది నాలిక చివరిదాకా వచ్చి, అక్కడే కూలబడింది.

“మీ ఇష్టమండీ,” అంది.

వెనక, కొంగు పట్టుకుని ఉన్న చిన్న చెయ్యి మెల్లగా వదిలెయ్యడం ఆమెకు తెలిసింది.

వీధిలో ఆమెను కాలర్లమ్మ అంటారు. చొక్కా మొత్తం కుట్టదు, కాలర్లే కుడుతుంది. బడి యూనిఫారాల కంపెనీ నుంచి కత్తిరించిన ముక్కలు మూటలుగా వస్తాయి. రెండు గుడ్డముక్కల మధ్య బిరుసుగా ఉండే బక్రం పెట్టి కుట్టి, తిరగేసి, మొనలను పుల్లతో పొడిచి సూటిగా లాగి, పైకుట్టు వేసి మళ్ళీ మూట కట్టాలి. చూసేవాళ్ళకు చిన్న పనే. కానీ ఒక మొన పొడుగూ ఒక మొన పొట్టీ అయిందా, తొడుక్కున్న పిల్లవాడి మెడే వంకరగా కనిపిస్తుంది. అందుకని గోరంత తేడా వచ్చినా మూటకు మూట వెనక్కి వచ్చేస్తుంది. మిషను మీద కూర్చుంటే ఆమెకు లోకం అంతా ఆ సూది కింద ఉన్నంత మేరే.

ఆ మధ్య బడికి సెలవులిచ్చారు. పిచ్చుక మిషను పక్కన చేరింది. “అమ్మా, సూదికి ఒకటే కన్ను కదా, మరి పక్కకు ఎలా చూస్తుంది? అమ్మా, ఈ కాలరు వేసుకునే అబ్బాయి మంచోడా, అల్లరోడా? అల్లరోడైతే గట్టిగా కుట్టు.” వాటికి జవాబులు చెబుతూ చెబుతూ ఒకరోజు ఆమె నలభై కాలర్లు లోపలి వైపు బయటికి పెట్టి కుట్టేసింది. మూట తిరిగొచ్చింది. రెండు రోజులు కూర్చుని ఒక్కొక్క కుట్టూ విప్పింది. ఆ విప్పుతున్నప్పుడే ఆమెకు ఉపాయం తట్టింది.

“పిచ్చుకా, నీకో కొత్త ఆట నేర్పిస్తాను రా. గప్‌చుప్ ఆట. మిషను మొదలైనప్పటి నుంచి ఆగేదాకా ఎవ్వరూ మాట్లాడకూడదు. మాట్లాడినవాళ్ళు ఓడినట్టు.”

“గెలిస్తే ఏమిస్తావు?”

“గెలిస్తే నేనొచ్చి నీతో తొక్కుడుబిళ్ల ఆడతాను.”

పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. “నువ్వా? నువ్వే? ఒంటి కాలితో గెంతుతావా?”

“గెంతుతాను. ఒట్టు.”

“మరి... ఇల్లు కూలిపోతున్నా మాట్లాడకూడదా?”

“ఇల్లు కూలినా సరే, నోరు తెరవకూడదు,” అంది ఆమె నవ్వుతూ.

పెరట్లో బట్టలు ఆరేస్తున్న అత్తగారు ఆ మాట విని, “బాగుందమ్మాయ్. కాలరుతో పాటు పిల్ల నోట్లో కూడా బక్రం పెట్టి కుట్టేశావు,” అంది. ఆమె అదీ నవ్వేసి ఊరుకుంది.

అత్తగారి దగ్గర ఆటలకు కొదవ లేదు. ఒక్కదానికీ కొన్న వస్తువు అక్కర్లేదు. గుండీ రెండు కన్నాల్లో దారం ఎక్కించి, మెలిపెట్టి, రెండు చేతులా లాగితే తుమ్మెదలా గుయ్యిమనేది. రెండు ఖాళీ అగ్గిపెట్టెల మధ్య దారం కడితే ఫోను. అయిదు గులకరాళ్ళు ఏరుకొస్తే అచ్చనగాయలు. గోడమీద ఎండ పడితే చేతివేళ్ళతో కుందేలు, కొంగ, ఆ తర్వాత ముక్కు పొడుగ్గా ఉన్న కండక్టరు. పిచ్చుక ఈ ఆటలన్నీ సైగలతోనే ఆడడం నేర్చుకుంది. గదిలో మిషను గడగడమంటుంటే, పెరట్లో అవ్వా మనవరాలూ నోళ్ళు బిగబట్టుకుని, భుజాలు ఎగిరెగిరిపడేలా చప్పుడు లేకుండా నవ్వుకునేవారు.

పిల్ల గెలిచింది. మర్నాడూ గెలిచింది. ఆ మర్నాడూ గెలిచింది. మిషను చప్పుడు ఆగగానే పెంకుబిళ్ల చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడేది. తల్లి పారేసిన అరిగిన సుద్దముక్కలతో పెరట్లో గడులు కూడా గీసి సిద్ధంగా ఉంచేది.

“అమ్మా, గెలిచా.”

“ఇవాళ నడుం విరిగిపోతోంది తల్లీ. రేపాడదాం.”

“అమ్మా, గెలిచా.”

“కంపెనీ మనిషి వచ్చేస్తాడు నాన్నా, మూట కట్టాలి.”

ఒక్కరోజు... ఒక్కటంటే ఒక్కరోజు కూడా ఆ గడుల్లో ఆమె కాలు పెట్టలేదు. వాన పడి గడులు చెరిగిపోయేవి. పిల్ల మళ్ళీ గీసేది.

అది చాలదన్నట్టు పాలు పొంగిన రోజొకటి. పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే పిల్ల చూసి, “అమ్మా, పాలు, పాలు” అని అరుస్తూ పరిగెత్తుకొచ్చింది. ఆమె తలెత్తలేదు. “మాట్లాడావు. ఓడిపోయావు. ఇవాళ ఆట లేదు, పో,” అంది. ఆ మాటకు పిల్ల మొహం ఎలా అయిందో ఆమె చూడనైనా లేదు. పాలు మాడిన వాసన రెండు రోజులుండి పోయింది. ఆ మాట మాత్రం పిల్ల లోపల ఎక్కడ అంటుకుందో, ఎంత మాడిందో...

ఆ తర్వాత వారం తిరక్కుండానే అత్తగారు పడింది. ఆ రోజు పెరట్లో సబ్బునీళ్ళ బుడగలు. మిషను దగ్గర ఖాళీ అయిన దారపు రీళ్ళలో ఒకటి తీసుకుని, ఒక చివర నీళ్ళలో ముంచి రెండో చివర ఊదితే తలకాయంత బుడగ లేచేది. ఆ బుడగను అందుకోబోయి, ఒలికిన సబ్బునీళ్ళలో కాలు జారి పెద్దామె పక్కకు కూలింది. గదిలో కోడలికి ఏ చప్పుడూ వినపడలేదు. పదింటికి మొదలుపెట్టిన మిషను పదకొండు దాటాక గానీ ఆగలేదు. ఆఖరి కాలరు మొన పొడిచి, మూట ముడేసి, వెన్ను విరుచుకుంటూ పెరట్లోకి వచ్చింది.

అత్తగారు కింది పెదవిని పళ్ళతో బిగబట్టుకుని, చెమటలు కక్కుతూ నేలమీద ఉంది. ఆమె తల పిచ్చుక ఒళ్ళో ఉంది. పిల్ల గౌను కొసను నీళ్ళలో తడిపి నాన్నమ్మ నుదురు తుడుస్తోంది. తల్లిని చూడగానే దాని మొహం వెలిగింది.

“అమ్మా, గెలిచాను. నాన్నమ్మ కూడా గెలిచింది. పడిపోయింది కూడా, అయినా మాట్లాడలేదు. తొందరగా రా అమ్మా, నాన్నమ్మ కాలు కదలడం లేదు.”

తల్లి చెయ్యి లేచింది. లేచిన చెయ్యి పిల్ల చెంప మీద పడింది.

“నోరు పడిపోయిందా నీకు? ఒక్కసారి పిలవలేకపోయావూ?”

ఆ తర్వాత ఇరుగుపొరుగు, బండి, ఆస్పత్రి. ఎవరు అడిగినా ఆమె ఒకటే చెప్పింది. ‘నేను లోపల మిషను మీద ఉన్నాను. నాకు వినపడలేదు. పిల్ల పిలవలేదు.’ అందులో ఒక్క ముక్కా అబద్ధం కాదు. అన్నీ నిజాలే. ఆ నిజాలనే ముక్కకు ముక్క చేర్చి కుడితే నిఖార్సయిన అబద్ధం తయారైంది. కుట్టు కూడా ఎక్కడా కనపడలేదు.

ఆ చెంపదెబ్బ తర్వాత పిల్ల నోరు విప్పలేదు. ఎందుకు విప్పలేదో ఆమెకూ అత్తగారికీ తప్ప ఇంకెవరికీ తెలియదు. మిషను ఆడుతుండగా మాట్లాడితే ఓడిపోయావన్నారు. ఆగేదాకా ఆగి మాట్లాడితే కొట్టారు. ఇక ఎప్పుడు మాట్లాడాలో ఆ పిల్లకు ఎవరు చెబుతారు?

చెప్పాల్సింది తనే. కానీ అది చెప్పాలంటే ముందు మొగుడికి చెప్పాలి, ఆడపడుచుకు చెప్పాలి, ‘మీ అమ్మ కాలు విరిగి గంటసేపు పడి ఉండడానికి కారణం నా ఆట’ అని చెప్పాలి. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ పదకొండు రోజులు నెట్టుకొచ్చింది. తొక్కుడుబిళ్లను వాయిదా వేసినట్టే. అంతకన్నా సిగ్గుమాలిన సంగతి ఇంకొకటుంది. ఆస్పత్రిలో అత్తగారు మగతగా పడి ఉన్నప్పుడు, ‘ఈవిడ కూడా ఇంకొన్నాళ్ళు మాట్లాడకపోతే బాగుండు’ అని ఆమెకు ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించిన మనసును ఏ గుమ్మానికి కొట్టుకోవాలో తెలియక, ఆ పూట అత్తగారి పాదాలు రెండుసార్లు ఒత్తింది.

మూడు కావస్తోంది. ఆడపడుచు గోడ మీది సంచీ దించి కోడలి చేతిలో పెట్టింది. “రెండు గౌన్లు, ఒక దుప్పటి చాలు. పలకా బలపం అక్కడే ఉంటాయి. మొహం అలా పెట్టకు, దాన్నేం అడవికి పంపడం లేదుగా.”

“లేదు వదినా,” అంది ఆమె.

పొద్దున మంచం వేయడానికి మిషనును గోడ వారకు నెట్టారు. మంచం పెరటి కిటికీ కిందికి వచ్చింది. ఆమె మిషను పక్కన కూర్చుని గౌన్లు మడత పెడుతోంది. పిల్లకు ఎవరూ ఏమీ చెప్పలేదు. కానీ పిల్లకు అన్నీ తెలిశాయి. తనంతట తనే వెళ్ళి చెప్పులు తెచ్చుకుంది. జడ రిబ్బను ఊడిపోతే నోటితో పట్టుకుని తనే కట్టుకుంది. తర్వాత గూట్లోంచి తన ఆస్తంతా దించింది. అయిదు గులకరాళ్ళు తీసుకెళ్ళి నాన్నమ్మ దిండు పక్కన పేర్చింది. గుండీ దారం నాన్న చొక్కా జేబులో వేసింది. కండక్టరు జేబు తడుముకుని, అదేమిటో చూసి, తల తిప్పుకున్నాడు.

ఆఖరుకు పెంకుబిళ్ల మిగిలింది. ఎన్నాళ్ళుగానో అరగదీసి అరగదీసి గుండ్రంగా, నున్నగా చేసుకున్న బిళ్ల. పిల్ల దాన్ని గౌనుకు తుడిచింది. తల్లి చేతికివ్వలేదు. మిషను దగ్గరికి వెళ్ళి, సరిగ్గా సూది కింద, కాలరు పెట్టే చోట పెట్టింది. ‘ఇదిగో, ఇక నాకు దీంతో పని లేదు’ అన్నట్టు. పెట్టి, సంచీ పక్కన వెళ్ళి నిలబడింది.

ఆమె ఆ బిళ్లను చూసింది. చేతిలో గౌను సగం మడతలో ఆగిపోయింది.

“పద పద, టైమైంది,” అంటోంది ఆడపడుచు.

“ఆగు వదినా.”

“నేను ఆగుతానే, బస్సు ఆగొద్దూ?”

“బస్సు పోనీ.” ఆ గొంతు తనదేనా అనిపించింది ఆమెకు. “పిల్ల పొగరుతో ఊరుకోలేదు. నేను మాట్లాడొద్దన్నానని ఊరుకుంది. మిషను ఆగేదాకా నోరు తెరవకూడదని ఆట పెట్టాను. ఇల్లు కూలినా తెరవొద్దన్నాను. పాలు పొంగాయని అరిస్తే ఓడిపోయావని తరిమేశాను. గెలిస్తే తొక్కుడుబిళ్ల ఆడతానన్నాను... ఒక్కరోజూ ఆడలేదు. ఆ రోజు ఇది నా దగ్గరికొచ్చి, గెలిచానమ్మా అంది. నేను దాన్ని కొట్టాను. ఆ తర్వాత ఇది మాట్లాడలేదు.”

ప్రయాణానికి పట్టిన నీళ్ళ సీసా ఆడపడుచు చేతిలోనే ఉండిపోయింది.

“ఏమన్నావ్?” అంది. “మరి పదకొండు రోజులుగా దీన్ని నేను ఆడిపోసుకుంటుంటే... పక్కన నిలబడి విన్నావా?”

“విన్నాను వదినా.”

“పొగరన్నాను, మొండిదన్నాను, నాటకాలన్నాను. అన్నీ విన్నావా?”

“అన్నీ విన్నాను. లోపల చచ్చాను. కానీ విన్నాను.”

కండక్టరు లేచాడు. భార్య వంక చూడలేదు. తిడతాడేమో, కొడతాడేమో అని ఆమె చూసింది. అతను గోడకేసి నిలబడి, జేబులోంచి గుండీ దారం తీసి, వేళ్ళకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉండిపోయాడు. తిట్టినా బాగుండేది...

అప్పుడు మంచం మీంచి గొంతు వినిపించింది.

“అయిందా అమ్మాయ్? చెప్పేశావా? హమ్మయ్య.”

అత్తగారు కళ్ళు తెరిచే ఉంది. ఎప్పటి నుంచి తెరిచి ఉందో.

“మీకు తెలుసు కదత్తయ్యా,” అంది ఆమె, మంచం కోడు పట్టుకుని కూలబడుతూ. “మీరెందుకు చెప్పలేదు?”

“నేను చెబితే చాడీ అవుతుంది. నువ్వు చెబితే నిజమవుతుంది. సంచీ గుమ్మం దాటి ఉంటే చెప్పేదాన్ననుకో. అందాకా చూద్దామనుకున్నా, నీ నోరు ముందు లేస్తుందా, నా కాలు ముందు లేస్తుందా అని.” ముసలామె నవ్వబోయి, నొప్పికి మొహం చిట్లించింది. “నీ ఒక్కదాని నెత్తినే వేసుకోకు. గొంతు నాకు విరగలేదుగా. పడగానే బెణికిందనుకున్నా, లేద్దాంలే అనుకున్నా. ఇది పరిగెత్తుకొచ్చి, పెదవుల మీద వేలు పెట్టుకుని, కళ్ళతోనే బతిమాలింది. నాన్నమ్మా, అరవకు, ఇవాళైనా అమ్మ ఆడుతుంది అని. పోనీలే గెలవనీ అనుకున్నా. కాసేపటికి నాకూ పంతమొచ్చింది. ఈ మిషను దానంతట అది ఎప్పుడు ఆగుతుందో చూద్దామని. తీరా అరుద్దామనుకునేసరికి, ఊపిరి తీస్తేనే ప్రాణం పోతోంది, ఇక అరుపెక్కడిది? నా పంతానికి నా తుంటి పోయింది. మధ్యలో నింద ఎవరి మీద పడింది? గెలిచినదాని మీద.”

“నీదంతా ఇంతేనే అమ్మా,” అంది ఆడపడుచు. అనాలనుకున్న వేడి ఆ మాటలో రాలేదు. “నీకు అన్నీ ఆటలే.”

“ఆటలు కాక నా దగ్గర ఇంకేమున్నాయే అప్పట్లో? నీకు గుర్తుందా, నిద్ర ఆట?”

ఆడపడుచు మొహం ఒక్కసారిగా చిన్నపిల్ల మొహమైంది. “ఎందుకు లేదు? ముందు నిద్రపోయినవాళ్ళు గెలిచినట్టు. వీడు ఎప్పుడూ ఓడిపోయేవాడు. నేనే గెలిచేదాన్ని.”

“ఇంట్లో పొయ్యి వెలగని పూటే ఆ ఆట పెట్టేదాన్ని.” అత్తగారు కూతురి వంక చూడలేదు, కిటికీ వంక చూసింది. “నువ్వు నిద్రపోయేదానివి కాదు. కళ్ళు మూసుకుని పడుకునేదానివి. కడుపు చప్పుడు నాకు వినపడేది. తెలిసి కూడా గెలిచావనేదాన్ని. ఏం చెయ్యను... అన్నం లేదని చెప్పడం కంటే గెలిచావని చెప్పడం తేలిక.”

నూట ఇరవై మందికి రోజూ కడుపునిండా వండి పెట్టే ఆడపడుచు చేతులు, చీర కొంగును నోటికి అడ్డం పెట్టుకున్నాయి. తర్వాత కొంగు తీసి, పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

“ఏమే పిచ్చుకా, ఈ మేనత్త నోరు మంచిది కాదే. హాస్టల్లో పిల్లలు నా వెనక నన్నేమంటారో తెలుసా? మాడుపెనం. నువ్వూ అలాగే పిలువు. తప్పు లేదు.”

పిల్ల కళ్ళు ఒక్కసారి మెరిశాయి. కానీ నోరు తెరవలేదు.

కండక్టరు గోడ గడియారం వంక చూశాడు. “నాలుగింటి బస్సు పోయిందక్కా,” అన్నాడు. గడియారంలో ఇంకా నాలుగు కాలేదు. సంచీ తీసి, దానిలోని గౌన్లతో సహా గోడకు తగిలించాడు. “ఆరింటికి ఇంకొకటుంది. అందులో ఒకటే సీటు.” తర్వాత భార్య వంక తిరిగాడు. మాట కోసం వెతుక్కున్నాడు. “నాకు చెప్పొచ్చు కదా,” అన్నాడు. అంతే అన్నాడు. ఆ మాట ఆమెకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

ఆమె లేచి, పిల్ల దగ్గరికి వెళ్ళింది. పదకొండు రోజులుగా ఆ చెంప వంక సూటిగా చూడలేదు. ఇప్పుడు చూసింది. దెబ్బ గుర్తు ఎప్పుడో పోయింది. తనకు మాత్రం అయిదు వేళ్ళూ కనిపిస్తూనే ఉన్నాయి.

“గెలిచావు తల్లీ,” అంది. “రోజూ గెలిచావు. నేనే మాట తప్పాను. ఆ రోజు నువ్వు చేసిన తప్పేమీ లేదు. కొట్టాల్సి వస్తే నన్ను కొట్టాలి. ఇక ఆ ఆట లేదు. మిషను ఆడుతున్నా పిలువు, నేను తిడుతున్నా పిలువు, సూది నా వేలిలో దిగి ఉన్నా పిలువు.”

పిల్ల వింది. తల్లి మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. నమ్మకం కూడా లేదు. ‘రేపాడదాం’ అన్న గొంతు ఇదే కదా అని పోల్చి చూసుకుంటున్నట్టుంది.

మాటలతో అయ్యే పని కాదని ఆమెకు అర్థమైంది. మిషను సొరుగు తెరిచి, కొత్త సుద్దబిళ్ల తీసింది. ఒక్క కాలరుకూ వాడనిది. సూది కింద ఉన్న పెంకుబిళ్ల తీసుకుని పెరట్లోకి నడిచింది. పాత గడులు వానకు చెరిగి మరకలుగా మిగిలాయి. వాటి మీదే వంగి కొత్తవి గీయసాగింది. చెయ్యి అలవాటు పోనివ్వదు కదా, జానలతో కొలిచి, మూలలు సూటిగా లాగి గీస్తోంది.

“గడులు గీస్తోందా, చొక్కా కత్తిరిస్తోందా?” అంది ఆడపడుచు గుమ్మంలోంచి. ముక్కు ఇంకా ఎర్రగానే ఉంది.

“గీయనీవే. ఏళ్ళ తర్వాత గీస్తోంది,” అంది కిటికీలోంచి అత్తగారు, మెడ సాచి.

పిల్ల వచ్చి, గడులకు దూరంగా, గోడ పక్కన నిలబడింది.

ఆమె బిళ్ల విసిరింది. మొదటి విసురుకే అది గడి దాటి తూములోకి దొర్లింది. వెళ్ళి ఏరుకొచ్చింది. మళ్ళీ విసిరింది. ఈసారి గడిలో పడింది. కుచ్చిళ్ళు ఎగదోపి, ఒంటికాలి మీద లేచింది. పొద్దస్తమానం మిషను ముందు ముడుచుకుని కూర్చున్న మోకాళ్ళు కిర్రుమన్నాయి. ఒక గెంతు. ఊగింది. నిలదొక్కుకుంది. రెండో గెంతు. మొహానికి చెమట పట్టింది. సరిగ్గా అప్పుడే వీధి గుమ్మం దగ్గర బండి హారను మోగింది. కంపెనీ మనిషి, కాలర్ల మూట కోసం.

ఒంటికాలి మీదే ఆమె బిగుసుకుపోయింది. పిల్ల చూపు చటుక్కున వీధి వైపు పోయి, మళ్ళీ తల్లి కాలి మీదికి వచ్చింది. ఆ కాలు ఎప్పుడు దిగుతుందా అని... దిగుతుందని దానికి తెలుసన్నట్టు.

కాలు దిగలేదు.

“ఏమండీ,” అని పిలిచింది ఆమె, వీధి వైపు తిరగకుండానే.

కండక్టరు అప్పటికే వీధి గుమ్మం దగ్గర ఉన్నాడు. బస్సులో అరిచే గొంతుతో అరిచాడు. “ఆమె ఆటలో ఉందండీ. అవుటయ్యాక రండి.”

“ఎప్పుడవుతారు?” అన్నాడు అవతలి మనిషి, ఏమీ అర్థంకాక.

“చెప్పలేం. బాగా ఆడుతోంది.”

అత్తగారు కిటికీలో నవ్వింది, తుంటి పట్టుకుని, అబ్బా అంటూ నవ్వింది. ఆమెకూ నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే మూడో గెంతు వేసింది. కాలు తూలింది. మడమ వెళ్ళి గీత అంచున పడింది. పడీ పడనట్టు, సుద్ద కొంచెం చెదిరింది అంతే.

“గీత తొక్కావు.”

గొంతు బొంగురుగా ఉంది. ఎన్నాళ్ళుగానో తెరవని తలుపు తెరిచినట్టు కిర్రుమంది. వీధి గుమ్మం నుంచి తిరిగొచ్చిన కండక్టరు పెరట్లోకి అడుగు వేయబోతే, అక్క చెయ్యి పట్టి ఆపేసింది.

ఆమె కిందికి చూసింది. చెదిరిన సుద్ద మడమకు తెల్లగా అంటుకుని ఉంది.

“అవునమ్మా,” అంది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగి గడులన్నీ కలిసిపోయాయి. “తొక్కాను.”

పిల్ల ఆ మొహం వంక కాసేపు చూసింది. తర్వాత గోడను వదిలి నడిచి వచ్చి, వంగి పెంకుబిళ్ల తీసుకుంది. ఊది మట్టి దులిపింది.

“అయితే బయటికి రా,” అంది. “నా వంతు.”